దోస్తు పేరు మీద గైడు రాసిన లెటర్

మార్చి దగ్గరికొస్తే పదో తరగతి పిల్లలున్న ఇండ్లు ఎట్లుంటయో మీకు ఎరుకే. టీవీ బంద్, ఫోన్ బంద్. పొద్దుగాల నాలుగింటికే లేసి బట్టీ. మొన్న మా వాడల ఒక పిల్ల అరుగు మీద కూసోని గట్టిగ చదువుతున్నది. "డియర్ ఫ్రెండ్, ఐ యామ్ ఫైన్ హియర్ అండ్ హోప్ యు ఆర్ ఆల్సో ఫైన్ దేర్." ఆగి విన్న. ఇంగ్లీష్ పరీక్షకు దోస్తుకు రాసే లెటర్ అది. అందుల ఈ పిల్ల సెలవుల్ల అమ్మానాయినలతోని ఊటీ పోయింది, పడవ ఎక్కింది, మస్తు ఫొటోలు దిగింది.

ఆ పిల్ల తల్లి బీడీలు చేస్తది. నాయిన దుబాయి పోయి ఆరేండ్లు. నడుమ ఒక్కసారి వచ్చిపోయిండు. ఊటీ సంగతి దేవుడెరుగు, నాయినతోని కలిసి వేములవాడ పోయి కూడా ఏండ్లయింది.

"ఊటీకి ఎప్పుడు పోయినవ్ బిడ్డా?" అని అడిగిన.

నవ్వింది. "పోలే పెద్దనాయినా. గైడ్ల ఉన్నది. ఇట్లనే రాస్తే మార్కులేస్తరట."

ఆ నవ్వు చూసి నాకు నా పరీక్ష యాదికొచ్చింది. నేను కూడా పట్నంల ఉన్న మామ వాచీ పంపినందుకు థ్యాంక్స్ చెప్పుకుంట లెటర్ రాసినోన్నే. నాకు పట్నంల మామ లేడు, చేతికి వాచీ లేదు. మార్కులు మాత్రం వచ్చినయి.

కానీ అదే ఏడు నేను అసలైన ఉత్తరాలు కూడా రాస్తుంటి. మా దిక్కు, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్ల, ఇంటికొకరు గల్ఫ్ దేశాలల్ల ఉండె. ఫోన్ చెయ్యాలంటే ఎస్టీడీ బూతు ముంగట లైను కట్టాలె, పైసలు అగ్గి లెక్క అయిపోతుండె. అందుకే ఉత్తరం. చదువు రాని చిన్నమ్మలు ఎయిర్ మెయిల్ కవరు పట్టుకోని నా దగ్గరికొచ్చి కూసునేది. బర్రె ఈనింది, ఆడదుడ్డె పుట్టింది. మక్క ఎండింది. అప్పులాయన మల్ల వచ్చిపోయిండు. చిన్నోడు నడుస్తున్నడు, మీ ఫొటో చూపెడితే నాయినా అంటున్నడు. వాళ్లు చెప్తుంటే నేను రాస్తుంటి. ఒక్కోసారి చెప్పుకుంట చెప్పుకుంట కండ్లు తుడుచుకునేది. ఆ మాట రాయాల్నా వద్దా అని నేను ఆగితే, "రాయకు బిడ్డా, అక్కడ పానం తల్లడిల్లుతది" అనేది.

ఉత్తరం రాసుడంటే ఏందో నాకు బడి నేర్పలే, ఆ చిన్నమ్మలు నేర్పిండ్రు. అవుతల ఉన్న మనిషి ఎవరు, ఆయనకు ఏం తెల్వాలె, ఏది చెప్పాలె, ఏది దాచాలె. గంతే. అక్షరం రానోళ్లకు తెలిసిన ఈ సంగతి మన పరీక్షల ఎందుకు మాయమైంది?

ఒక్కసారి ఆలోచించుండ్రి తమ్ముళ్లూ, చెల్లెండ్లూ. లెక్కలల్ల జవాబు ఒక్కటే. సైన్సుల సూత్రం ఒక్కటే. పేపరు మొత్తంల "నీ ముచ్చట నువ్వు చెప్పు" అని అడిగే ప్రశ్నలు ఒకటో రెండో. వాటిల దోస్తుకు రాసే లెటర్ ఒకటి. దాన్ని కూడా మనం సూత్రం చేసినం. విహారయాత్రకు ఒక లెటర్, అక్క పెండ్లి పిలుపుకు ఒక లెటర్, పుట్టినరోజు బహుమానానికి ఒక లెటర్. పేరు మారుస్తే సాలు, దేశమంత ఒకటే దోస్తు, ఒకటే ఊటీ.

తప్పు పిల్లలదంటే నేను ఒప్పుకోను. తెలంగాణ సర్కారు బడులల్ల 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీష్ మీడియం మొదలైంది. అప్పుడు ఎనిమిదిల ఉన్నోళ్లు 2025 మార్చిల పది రాసిండ్రు. మాటలాడే ఇంగ్లీష్ ఇంట్ల లేదు, వాడల లేదు. పరీక్షల మాత్రం పేజీ నింపాలె. నీళ్లల్ల పడ్డోడు దొరికిన కట్టె పట్టుకుంటడు. ఆ కట్టె గైడు. సార్లకు సిలబస్ తరుముతది, మీద నుంచి పాస్ పర్సెంటేజీ తరుముతది. దిద్దేటోళ్ల ముంగట కట్టలకు కట్టలు పేపర్లు. ఫ్రం అడ్రస్ ఉన్నదా, తేదీ ఉన్నదా, కింద సంతకం ఉన్నదా అని చూసుడు అల్కగ అయితది. పిల్ల ఏం చెప్పిందో చదువుడు కష్టం.

ఇంగ్లీష్ వద్దని నేనంటలేను. ఇంగ్లీష్ కొందరి ఇండ్లల్లనే ఉండాలె, మన పిల్లలకు వద్దు అనేటోళ్ల మాట నేను నమ్మ. మనకు ఇంగ్లీష్ కావాలె. కానీ బట్టీ కొట్టింది ఇంగ్లీష్ కాదు, ఇంగ్లీష్ వేషం.

ఈ వేషం ఎక్కడ చిరుగుతదో చెప్త. విదేశాలకు పోదామనుకునే పోరగాండ్లు ఐఈఎల్‌టీఎస్ పరీక్ష రాస్తరు. అందుల జనరల్ ట్రైనింగ్ రకంల మొదటి రాత ప్రశ్న లెటరే. దగ్గర దగ్గర 20 నిమిషాలల్ల కనీసం 150 మాటలు. మూడు ముచ్చట్లు వాళ్లే ఇస్తరు, ఆ మూడూ చెప్పాలె. అడ్రస్ రాసే పనే లేదు. దోస్తుకు రాస్తున్నవా, ఆఫీసరుకు రాస్తున్నవా, మాట తీరు దానికి తగ్గట్టు ఉన్నదా అని చూస్తరు. బట్టీ పట్టి దించినట్టు కనవడితే మార్కులు కోస్తరు. అంటే మన పిల్లకు పదిల ఏది మార్కులు తెచ్చిందో, అదే రేపు మార్కులు పోగొడ్తది. పట్నంల మంచి బడిల చదివినోడు ఎప్పుడో అలవాటు పడ్డడు. మనోడు కోచింగ్ సెంటర్ల వేలు పోసి, బట్టీ మర్చిపోవుడు నేర్చుకోవాలె.

మార్కులు ఒక నష్టం. ఇంకోటి పెద్దది. నీ ఇల్లు, నీ అమ్మ బీడీలు, నీ వాడ, ఇవి ఇంగ్లీషుల రాసుకునేంత ముచ్చట్లు కావు అని ఆ గైడు పిల్ల చెవుల చెప్తున్నది. ఊటీ పోయినోళ్ల బతుకే బతుకు అంటున్నది. సావిత్రిబాయి ఫూలే 1856, 1868, 1877లల్ల జోతిబాకు రాసిన మూడు ఉత్తరాలు మనకు మిగిలినయి. ఒకదాంట్ల ఊరోళ్లు కులం తప్పిందని చంపబోయిన జంటను కాపాడిన ముచ్చట, ఒకదాంట్ల కరువుల జనం గోస. సొంత మనిషికి రాసిన మామూలు ఉత్తరాలే అవి. ఇయ్యాల చరిత్రకు సాక్ష్యమైనయి. ఆమె ఎవరో రాసిచ్చిన ముచ్చట దించి ఉంటే మనకు ఏం మిగిలేది?

అరుగు మీది పిల్లకు ఆ పొద్దు ఒక పని చెప్పిన. "గైడు మూసెయ్. పోయినేడు హాస్టల్‌కు పోయిన నీ దోస్తుకు నిజంగ ఏం చెప్తవో ముందుగాల తెలుగుల చెప్పు." కొద్దిసేపు సిగ్గుపడ్డది. తర్వాత చెప్పింది. అమ్మకు చేతి వేళ్లు గుంజుతున్నయట. నాయిన ఫోన్ చేస్తే అందరం మంచిగున్నం అని చెప్తరట. ఇంటర్ చదవాల్నా, అమ్మకు ఆసరా కావాల్నా తెలుస్తలేదట. "నువ్వుంటే నిన్ను అడుగుదును" అన్నది.

దాన్నే చిన్న చిన్న ఇంగ్లీష్ మాటలల్ల పెట్టినం. తొమ్మిది వాక్యాలు. రెండు తప్పులు వచ్చినయి, దిద్దుకున్నం. చివరికి దోస్తును ఒక ప్రశ్న అడిగింది. గైడు లెటర్ల ఎన్నడూ ప్రశ్న ఉండది, ఎందుకంటే అవుతల దోస్తే లేడు.

మీరు కూడా గట్లనే చెయ్యుండ్రి. ఒక నిజమైన మనిషిని మనసుల పెట్టుకోండ్రి. ఒక్క ముచ్చటే పట్టుకోండ్రి. కంటికి కనవడే ఒక సంగతి పెట్టుండ్రి, ఒక ప్రశ్న అడుగుండ్రి. మన పేపర్ల అడ్రసు, తేదీ అడుగుతరు, అవి మర్చిపోకుండ్రి. "రెస్పెక్టెడ్ ఫ్రెండ్", "యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ" దోస్తుకు రాసేటియి కావు, ఆఫీసు కాయితాలకు పోవాలె. దోస్తుకు పేరు పెట్టి "డియర్", కింద "యువర్స్ లవింగ్లీ" సాలు. తెలిసిన చిన్న మాట రాయండ్రి, తెల్వని పెద్ద మాట వద్దు.

సార్లకు, బోర్డుకు ఒక్కటే అడుగుతున్న. సొంత ముచ్చట రాసిన పిల్లకు రెండు తప్పులున్నా, తప్పులేని ఊటీ కంటే ఎక్కువ మార్కులెయ్యండ్రి. వేస్తమని ముందే చెప్పండ్రి. గైడు అప్పుడు దానంతల అదే మూతబడతది.

ఆ పిల్ల ఆఖర్ల అడిగింది: "పెద్దనాయినా, ఇట్ల రాస్తే మార్కులొస్తయా?" గట్టిగ "వస్తయి" అని చెప్పలేకపోయిన. కాయితం మాత్రం మడిచి పుస్తకంల పెట్టుకున్నది. పరీక్షలైనంక నిజంగనే దోస్తుకు పంపుతదట.