ఎమ్మెల్యే గారి లెటర్ వద్దు, లెక్క కావాలి

వైజాగ్‌లో బీటెక్ పట్టా ఇంటికొచ్చిన కొన్నాళ్లకే ఓ మాట వినిపిస్తుంది. ‘‘ఎమ్మెల్యే గారి దగ్గరికెళ్లి ఓ లెటర్ రాయించుకురారా. స్టీల్‌ప్లాంట్‌లోనో, పోర్టులోనో ఎక్కడో ఓ చోట పెట్టిస్తారు.’’ పేరెంట్స్‌ని ఏం అంటాం? డాబా ఎక్కితే క్రేన్లూ చిమ్నీలూ కనిపించే ఊరిది. అంత పెద్ద ఫ్యాక్టరీల్లో మనవాడికి ఒక్క సీటు దొరకదా అని వాళ్ల ఆశ.

నాదీ ఇంజినీరింగే. ఇప్పుడు కోడ్ రాసుకుంటున్నా. నా బ్యాచ్‌లో మెకానికల్, ఎలక్ట్రికల్ చదివిన చాలామంది కూడా లాప్‌టాప్ ముందుకే వచ్చారు. కారణం సింపుల్. కోర్ కంపెనీ అడిగేది ఎక్స్‌పీరియన్స్. అది ఫ్యాక్టరీ గేటు లోపల దొరుకుతుంది. మనం గేటు బయట ఉంటాం.

ఆ గేటు తెరిచే చట్టం ఒకటుంది. అప్రెంటిస్‌ల చట్టం, 1961. మొదట్లో ఐటీఐ ట్రేడ్‌ల కోసం వచ్చింది. 1973 సవరణతో డిగ్రీ, డిప్లొమా ఇంజినీర్లనూ చేర్చారు. రూల్ ఏంటంటే, 30 మంది, అంతకంటే ఎక్కువ సిబ్బంది ఉన్న సంస్థ మొత్తం బలంలో 2.5 నుంచి 15 శాతం మేర అప్రెంటిస్‌లను తీసుకోవాలి. ఈ లెక్కలో కాంట్రాక్ట్ సిబ్బందీ కలుస్తారు. అంటే 4,000 మంది పనిచేసే చోట కనీసం 100 మంది. కాంట్రాక్ట్ కార్మికులు ఇంతమంది ఉన్న మన ఊళ్లో ఇది చిన్న విషయం కాదు.

డబ్బుల సంగతి. 2019 రూల్స్‌లో గ్రాడ్యుయేట్‌కి నెలకు కనీసం 9,000, డిప్లొమాకి 8,000 రూపాయల స్టైపెండ్ పెట్టారు. నాట్స్ పథకంలో ఈ కనీస మొత్తంలో సగం కేంద్రమే భరిస్తుంది. స్టైపెండ్‌ని 36 శాతం పెంచాలని 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి సిఫార్సు చేసింది. శ్రీకాకుళం నుంచొచ్చి గాజువాకలో రూమ్ తీసుకునే కుర్రాడికి ఆ తేడా చాలా పెద్దది.

ఒకటి మాత్రం క్లియర్‌గా చెప్పుకోవాలి. అప్రెంటిస్‌షిప్ ఉద్యోగం కాదు. చట్టం దృష్టిలో మీరు ట్రైనీ, వర్కర్ కాదు. ట్రైనింగ్ అయ్యాక జాబ్ ఇచ్చి తీరాలన్న రూలూ లేదు. 2014 సవరణ తర్వాత, అప్రెంటిస్‌ల రిక్రూట్‌మెంట్‌పై ప్రతి సంస్థా సొంత పాలసీ పెట్టుకోవాలి, అంతే. అందుకే స్టేజి మీద నాయకుడు ‘‘ఇంతమందికి ఉపాధి కల్పించాం’’ అంటే, అందులో జాబులెన్ని, అప్రెంటిస్ సీట్లెన్ని అని విడగొట్టి చూడండి.

మరి నాయకుడితో పనేంటి? చాలా ఉంది. లెటర్ ఒక్కడికి పనికొస్తుంది, అదీ నమ్మకం లేదు. లెక్క అడిగితే వంద మందికి దారి దొరుకుతుంది. ఎంపీ పార్లమెంటులో ప్రశ్న వేయొచ్చు. జిల్లాలో కేంద్ర పథకాలను సమీక్షించే ‘దిశ’ కమిటీకి ఛైర్మన్ కూడా ఎంపీయే. ఎమ్మెల్యే అసెంబ్లీలో అడగొచ్చు. కాబట్టి ఈసారి ఆఫీసుకెళ్తే మూడు ప్రశ్నలు పట్టుకెళ్లండి. సార్, మన నియోజకవర్గంలో ఏ కంపెనీ ఎంతమంది అప్రెంటిస్‌లను తీసుకోవాలి, ఎంతమందిని తీసుకుంది? ఏడాది పూర్తిచేసి సర్టిఫికెట్ తీసుకున్నవాళ్లెందరు? వాళ్లలో ఉద్యోగం దొరికినవాళ్లెందరు?

ఇలా అడగడం ఈ ఊరికి కొత్తేం కాదు. బీచ్ రోడ్డులో మనం సెల్ఫీలు దిగే తెన్నేటి పార్కు ఎవరి పేరో తెలుసుగా? 1966 ఉక్కు ఉద్యమాన్ని ముందుండి నడిపిన తెన్నేటి విశ్వనాథం గారిది. ఆ పోరాటంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్లాంటు ప్రకటించారు. అప్పుడెవరూ తన కొడుక్కి ఒక పోస్టు అడగలేదు. ఊరికి ప్లాంటు అడిగారు. ఆ ప్లాంటు కోసం భూములిచ్చిన ఊళ్ల పిల్లలు ఇప్పటికీ గేటు బయట ఉంటే, నాయకుడు మాట్లాడాల్సింది ముందు వాళ్ల గురించే.

ఈలోగా మీ వంతు పని ఒకటి చేసెయ్యండి. డిగ్రీ, డిప్లొమా వాళ్లు నాట్స్ పోర్టల్లో, ఐటీఐ వాళ్లు అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్లో రిజిస్టర్ అవ్వండి. నోటిఫికేషన్లలో పాసైన సంవత్సరానికి కటాఫ్ ఉంటుంది. లెటర్ కోసం తిరుగుతూ కూర్చుంటే ఆ టైమ్ కాస్తా దాటిపోతుంది.