పొయ్యి లెక్కకు అందని కుటుంబం

కొత్తపేట, అమలాపురం వైపు పాత మండువా లోగిళ్లు కొన్ని ఇంకా నిలిచే ఉన్నాయి. నాలుగు వైపుల కప్పుల మీద పడ్డ వాన నడిమి మండువాలోకే జారుతుంది. ఒకప్పుడు అన్నదమ్ముల రాబడి కూడా అలాగే ఒకచోటికి చేరేది. పొయ్యి ఒకటే, కొబ్బరి దింపు లెక్కా ఒకటే. సమాజశాస్త్రం దీన్ని సమష్టి కుటుంబమంది. వాటాలు పడి వేరుకాపురాలు పెట్టాక మిగిలింది వ్యష్టి కుటుంబం.

పొయ్యిలు వేరైతే కుటుంబం చీలినట్టేనా? ఇంటినీ కుటుంబాన్నీ ఒకటిగా చూడకూడదని ఎ.ఎం. షా 1973 నాటి తన పుస్తకంలో వాదించారు. జనగణన మాత్రం ఇంటినే లెక్కిస్తుంది. మామూలుగా కలిసి ఉంటూ ఒకే వంటగదిలో తినేవాళ్లే దానికి ఒక ఇంటివాళ్లు.

రాజోలు దీవిలో ఈ కొలత చాలదు.

ఇక్కడి ఆడవాళ్లు దశాబ్దాలుగా కువైట్, మస్కట్, దుబాయ్ ఇళ్లలో పనికి వెళ్తున్నారు. ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అవసరమైన పాస్‌పోర్టుతో ఆ పనికి వెళ్లే స్త్రీకి మన ప్రభుత్వం పెట్టిన కనీస వయసు 30 ఏళ్లు. ఆ వయసుకు మన పల్లెల్లో చాలామంది పిల్లల తల్లులే. పిల్లలు అమ్మమ్మ దగ్గర ఉంటారు. పొద్దున్నే జడ వేసి, క్యారేజీ కట్టి బడికి పంపేది అమ్మమ్మ. ఫీజు డబ్బు పంపేది, పండక్కి ఏ గౌను కొనాలో వీడియో కాల్‌లో చూసి చెప్పేది అమ్మ. ఇంటిపేరు తండ్రిది, సంపాదన తల్లిది, పెంపకం తల్లిని కన్న తల్లిది. పాఠ్యపుస్తకంలోని పితృస్వామ్య, మాతృస్వామ్య గడుల్లో ఈ ఇల్లు ఇమడదు.

పిల్లల్ని అమ్మమ్మకు అప్పగించే ఈ ఏర్పాటుకు ఊతమిచ్చింది మన పెళ్లిళ్ల తీరే. దక్షిణాదిలో తెలిసిన చుట్టాల్లోనే సంబంధాలు కలుపుకుంటారని ఇరావతీ కర్వే 1953లోనే రాశారు. అక్క కూతుర్ని చేసుకున్న ఇంట్లో పిల్లలకు అమ్మమ్మే మేనత్త కూడా. మేనరికంతో జన్యుజబ్బుల ముప్పు పెరుగుతుందన్న వైద్యుల హెచ్చరికను తోసిపుచ్చలేం. కానీ తల్లి సముద్రం దాటినప్పుడు బిడ్డను పరాయి చేతుల్లో పడనివ్వనిది ఈ చుట్టరికమే.

వచ్చే జనగణనకు లెక్క తేదీ 2027 మార్చి 1. పొయ్యి ఒకటా రెండా అని అడిగే అధికారి, ఈ పిల్లల తల్లి ఎక్కడుందో, వాళ్లను ఎవరు పెంచుతున్నారో కూడా రాసుకోవాలి. పెంచుతున్న అమ్మమ్మ సంతకం బడిలో, బ్యాంకులో చెల్లేలా ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాలి.