మోడం పడితే సోలారు పండుకుంటాదా?

మా బేతంచెర్లలో ఎవరైనా మిద్దె మీద సోలారు ప్లేట్లు పెట్టిద్దామనుకుంటే చాలు, టీ బంకు కాడ సలహాలకు కొదవుండదు. "ఎండాకాలం సరేబ్బా, ఆషాఢంలో మోడం పడితే ఏం జేస్తావు? దుడ్లు బూడిదలో పోసినట్టే గదా!" అని ఒకాయన అందుకుంటాడు. పక్కనాయన తలకాయ ఊపుతాడు. ఇంగ ఆ పూటకు ఆ యవ్వారం ఆడికే ఆగిపోతాది.

వాన కోసం ఆకాశం చూసి చూసి మెడలు నొప్పి పుట్టే సీమలో కూసోని మోడానికి భయపడేది మనమే! నిజంగా మోడం అంటే ఏందో తెలిసినోళ్లు జర్మనీవోళ్లు. చలికాలమొస్తే వాళ్లకు పొద్దు కనపడేదే గగనం. అయినా 2024 ఆఖరుకు ఆ దేశంలో దగ్గర దగ్గర లక్ష మెగావాట్ల సోలారు ఉండాది. ఆడ కిలోవాటుకు ఏడాదికి వెయ్యి యూనిట్లొస్తే సంతోషం. అదే మన మిద్దె మీదైతే 1,500 దాకా వస్తాయి. వాళ్లకు గిట్టుబాటైంది మనకు కాకుండా పోతాదా?

ప్లేటుకు కావాల్సింది వెలుతురు. మోడం చాటున కూడా ఎంతో కొంత వెలుతురు దిగుతానే ఉంటాది. 3 కిలోవాట్లు పెట్టుకున్న ఇంటికి ఏడాది సగటున దినానికి 12 యూనిట్లు అనుకుందాం. బాగా ముసురు పట్టిన దినం మూడో నాలుగో వస్తాయి. అంతేగానీ ఉత్త చేతులతో పోయేది లేదు. ఎండ దినాల్లో మిగిలిన కరెంటు లైనుకు పోతాది, చాలని దినం లైను నుంచి తెచ్చుకుంటాం. ఇచ్చింది, తీసుకున్నది నెట్ మీటరు లెక్క జూస్తాది. అందుకే ఒక దినాన్ని పట్టుకోని ఏడ్చేది లేదు, ఏడాది మొత్తం చూసుకోవాల. లైనే వద్దు, బ్యాటరీల మీదే బతుకుతానంటే మాత్రం టీ బంకు పెద్దాయన మాట ఆలోచించాల్సిందే. నాలుగు దినాలు ముసురు పడితే ఇంట్లో దీపం బుడ్డే దిక్కు.

మన కాడ అసలు తంటా వేరే. ఒకటి వేడి. ప్లేటు మీద రాసిన వాట్లు, ప్లేటు వేడి 25 డిగ్రీలు ఉన్నప్పటి లెక్క. మే నెలలో బయట 42 ఉంటే ప్లేటు 60కి ఎక్కుతాది. డిగ్రీకి నూటికి 0.35 వంతున తగ్గుతా పోయి, మిట్టమధ్యాన్నం నూటికి పన్నెండు వంతులు గాల్లో కలుస్తాయి. రెండోది దుమ్ము. బండల కటింగ్ మిషన్లు తిరిగే ఊర్లో దాని సంగతి చెప్పాల్నా? రాత్రి మంచుకు తడిసి, పొద్దునెండకు ఆరి, అద్దం మీద బూడిద రంగు అట్ట కడతాది. ఉప్పటి బోరు నీళ్లు పోసి వదిలేస్తే అవి ఆరి ఇంకో తెల్ల పొర. మంచి నీళ్లతో, మెత్తటి గుడ్డతో, పొద్దు ఎక్కకముందే తుడుచుకోవాల. కాలే అద్దం మీద మధ్యాన్నం చన్నీళ్లు కుమ్మరిస్తే పగిలినా పగులుతాది. గట్టి వాన పడిందా, ఈ చాకిరీ అంతా అదే చేసి పెడతాది. మోడం మనకు చేసే మేలు అది.

ఇంకో మేలు గూడా ఉంది. మోడం పట్టే జూన్, జులైల్లోనే మన కొండల మీద గాలి ఈడ్చి కొడతాది. ఎండ తగ్గిన దినాల్లో గాలిమరలు జోరు మీదుంటాయి. ఓర్వకల్లు పక్క గని, శకునాల కాడ 2017లో 1,000 మెగావాట్ల సోలారు పార్కు నడకకొచ్చింది. ఎండ ఒక్కటే అయితే పొద్దు మునిగినాక పనికిరాదని, పాణ్యం మండలం పిన్నాపురం కాడ ఎండ, గాలి, నీళ్లు మూడూ కలిపినారు. 2022 మే నెలలో శంకుస్థాపన జరిగింది. పగలు మిగిలిన కరెంటుతో కింది చెరువు నీళ్లు పైకి తోడి, సాయంత్రం అందరూ స్విచ్చులు వేసే యాళకు కిందికి వదుల్తారు. గోరకల్లు రిజర్వాయరు నుంచి తెచ్చిన నీళ్లే కిందికీ పైకీ తిరుగుతాయి.

మన మిద్దెకు అంత హంగామా ఏమీ అక్కర్లేదు. పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ కూడా ఇస్తా ఉండారు. పెట్టించేవాడు వస్తే మోడం సంగతి పక్కనబెట్టి మూడు మాటలు అడగండి. నీళ్ల ట్యాంకు నీడ ప్లేట్ల మీద పడుతుందా? ఒక్క ప్లేటు మీద నీడ పడినా వరసంతా నీరసపడొచ్చు. ప్లేట్లు దక్షిణానికి తిప్పి, పదిహేను డిగ్రీలు వాల్చి పెడతావా? లైన్లో కరెంటు పోతే నా ఇంట్లో ఉంటాదా? బ్యాటరీ లేనిదానికైతే ఉండదు. లైను మీద పనిచేసే మనిషికి షాక్ కొట్టకుండా అది తనంతట తానే ఆగిపోతాది. ఈ మూడింటికీ నీళ్లు నమిలేవాడికి మాత్రం అడ్వాన్సు ఇయ్యాకండి.