యాభై మూడేళ్ల కుర్చీ

ఒకే మనిషిని ఒకే ప్రాంతం యాభై మూడేళ్లపాటు గెలిపిస్తూ పోతే దాన్ని జనాదరణ అనే అంటారెవరైనా. అమెరికా దక్షిణాది రాష్ట్రం మిసిసిపీ నుంచి 1941 నవంబరులో ప్రతినిధుల సభకు వెళ్లిన జేమీ విట్టెన్ 1995 జనవరిలో గానీ బయటికి రాలేదు. అది మన లోక్‌సభ లాంటి సభ. ఎన్నికలు మాత్రం రెండేళ్లకోసారి. మిషిగన్ సభ్యుడు జాన్ డింగెల్ 2009లో దాటేవరకూ ఆ సభలో విట్టెన్‌దే రికార్డు. అయితే ఆ జనాదరణలో జనం ఎందరన్నదే అసలు ప్రశ్న.

1960లో మిసిసిపీ జనాభాలో నూటికి 42 మంది నల్లజాతివారు. 1965 మొదట్లో వారిలో ఓటరు జాబితాకెక్కినవారు, ఓటు వయసు వచ్చినవారిని లెక్కేసినా, నూటికి ఏడుగురు లేరు. రాజ్యాంగంలోని ఏదో ఒక నిబంధన చూపించి దానికి అర్థం రాయమనేవారు. రాసినా గుమాస్తా ఒప్పుకోవాలి కదా! ఆ రోజుల్లో డెమొక్రటిక్ పార్టీ లోపలి పోటీలో నెగ్గితే చాలు, అసలు ఎన్నిక లాంఛనమే.

వాషింగ్టన్‌లో మాత్రం ఈ లాంఛనానికి చాలా విలువ. సభాసంఘాల అధ్యక్ష పదవులు సీనియారిటీని బట్టి దక్కేవి. గట్టి పోటీ ఉన్నచోట సభ్యులు వస్తూ పోతూ ఉంటే, దక్షిణాదివారు పాతుకుపోయి కుర్చీలెక్కారు. విట్టెన్ 1949లోనే వ్యవసాయ పద్దుల ఉపసంఘానికి అధ్యక్షుడయ్యారు. మధ్యలో రెండేళ్లు తప్ప నాలుగు దశాబ్దాలకు పైగా అది ఆయన చేతిలోనే ఉంది. మంత్రులు మారేవారు, ఆయన మారేవారు కాదు. ‘శాశ్వత వ్యవసాయ మంత్రి’ అన్న పేరు ఊరికే రాలేదు. 1979 నుంచి మొత్తం పద్దుల సంఘమే ఆయనది. టెన్నెసీ-టాంబిగ్బీ జలమార్గం లాంటి భారీ పనులు సొంత ప్రాంతానికి తెచ్చుకున్నారు. కాదనలేం. పురుగుమందులను వెనకేసుకొస్తూ 1966లో ఓ పుస్తకం కూడా రాశారు.

కానీ ఆ కలం కింద పేదల తిండి కూడా ఉంది. 1967 ఏప్రిల్‌లో సెనేటర్ రాబర్ట్ కెనెడీ మిసిసిపీ డెల్టా గుడిసెల్లో పస్తులున్న పిల్లలను చూసి చలించిపోయారు. పత్తి సాగు తగ్గించుకున్నందుకు భూస్వాములకు సర్కారు సొమ్ము ముడుతున్న ప్రాంతమే అది. పేదల ఆహార పథకాలను విస్తరించాలంటే విట్టెన్ ఉపసంఘం మోకాలడ్డింది.

ఈయన మీద నిలబడ్డ మనిషి ఫానీ లూ హేమర్. ఆరేళ్ల వయసు నుంచి పత్తి ఏరిన కూలీ. 1962లో ఓటు నమోదుకు వెళ్లొచ్చిన రోజే, పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్న చోటు నుంచి ఆసామి ఆమెను వెళ్లగొట్టాడు. మరుసటేడు వినోనా జైల్లో చావగొట్టారు. అయినా 1964లో పార్టీ ప్రాథమిక ఎన్నికలో విట్టెన్‌పై పోటీ చేశారు. ఓడారు. నల్లవారికి ఓటే లేనప్పుడు ఆ ఎన్నిక చెల్లుతుందా అని నేరుగా సభనే నిలదీశారు. మిసిసిపీ సభ్యులు ఐదుగురి ఎన్నికకూ వచ్చిన సవాలును 1965 సెప్టెంబరులో సభ 228-143 ఓట్లతో కొట్టేసింది. ఓడిందన్నమాటే గానీ, 143 మంది ఆమె పక్షాన నిలవడం చిన్న సంగతి కాదు.

అంతకు నెల ముందే ఓటుహక్కు చట్టం వచ్చింది. విట్టెన్ దానికి వ్యతిరేకంగానే ఓటేశారు. 1957, 1960, 1964 పౌరహక్కుల చట్టాలకూ అంతే. రెండేళ్లు తిరిగేసరికి మిసిసిపీలో నల్లజాతి ఓటర్ల నమోదు నూటికి అరవైకి చేరువైంది. అదే విట్టెన్ 1991 నాటి పౌరహక్కుల చట్టానికి అనుకూలంగా ఓటేశారు. పాత ఓట్లు పొరపాటేనని కూడా అన్నారు. ఆయనకు మనసు మారిందనే అనుకుందాం. జాబితా అంతకన్నా ముందే మారింది.

విట్టెన్ 1995 సెప్టెంబరులో కన్నుమూశారు. వాషింగ్టన్‌లోని వ్యవసాయ శాఖ ప్రధాన భవనానికి ఆయన పేరే పెట్టారు. హేమర్ 1977లోనే పోయారు, రూల్‌విల్‌లో తాము నడిపిన సహకార సాగు భూమిలోనే ఆమె సమాధి ఉంది.