విమాన ప్రమాదములు: వినబడని హెచ్చరికలు

కళ్యాణదుర్గము చుట్టుపట్ల మెట్టపొలములలో వేరుసెనగ విత్తిన రైతు తలయెత్తి చూచునది మేఘము కొరకు. అతని కంట తరచుగా పడునది మేఘము కాదు; మిక్కిలి ఎత్తున తెల్లని చార విడుచుచు సాగిపోవు విమానము. అందులోనివారికి ఈ ఊరి పేరు తెలియదు. ఈ రైతునకు వారి గమ్యము తెలియదు. అయినను, వాన తప్పినపుడు పల్లె పలుకు మాటనే విమానము కూలినపుడు లోకమంతయు పలుకును. "అంతయు దైవాధీనము" అనునదే ఆ మాట. అది దుఃఖమునకు ఊరట కావచ్చును గాని ప్రశ్నకు సమాధానము కాజాలదు.

అనంతపురము జిల్లా దేశములో మిక్కిలి తక్కువ వర్షము కురియు జిల్లాలలో ఒకటి. కనుక ఇచ్చటివారికి చెరువు విలువ బాగుగా తెలియును. చెరువుకట్ట తెగుట ఒక్క రాత్రిలో జరుగును. కాని తెగుటకు కారణములు ఆ రాత్రి పుట్టినవి కావు. కట్టపై కంప మొలచియుండును. ఎలుకలు బొరియలు చేసియుండును. తూము ప్రక్కన ఎన్నడును లేని తడి కనబడియుండును. నీరుగంటి ఆ తడిని చూచి గ్రామపెద్దతో చెప్పును. పెద్ద వినినచో నాలుగు తట్టల మట్టితో పని ముగియును. విననిచో ఊరు మునుగును. భారతదేశములో జరిగిన పెద్ద విమాన ప్రమాదములను ఒక్కొక్కటిగా పరిశీలించినచో, ఈ చెరువుకట్ట కథయే మరల మరల కానవచ్చుచున్నది.

తెలుగునాటికి ఈ శోకము దూరపు వార్త కాదు. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకరు జి.ఎం.సి. బాలయోగి కైకలూరు సమీపమునను, 2004 ఏప్రిల్ 17న నటి సౌందర్య బెంగుళూరులోని జక్కూరు వద్దను, 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి నల్లమల అడవులలోను ఇట్టి ప్రమాదములకే బలియైరి. అవి కొలదిమందిని మాత్రమే మోయు చిన్న వాహనములు. వందలకొలది ప్రయాణికులను మోయు పెద్ద విమానములు కూలుటకు గల కారణములు ఇచ్చట ప్రస్తుతము.

1978 జనవరి 1వ తేదీ రాత్రి బొంబాయి నుండి దుబాయికి బయలుదేరిన 'ఎంపరర్ అశోక' అను ఎయిరిండియా విమానము, నేల విడిచి రెండు నిమిషములు గడువకముందే అరేబియా సముద్రములో కూలెను. అందలి 213 మందియు మరణించిరి. విమానము ఏ వంకకు ఒరిగినదో తెలుపు పరికరము కెప్టెన్ ఎదుట చెడిపోయి తప్పు చూపెను. క్రింద చీకటి కడలి. నింగికిని నీటికిని నడుమ గీత కనబడదు. కెప్టెన్ ఆ పరికరమునే నమ్మి, ఒరగని విమానమును సరిదిద్దబోయి ఎడమకు ఒరిగించెను. దానిని నమ్మవలదని వెనుకనున్న ఇంజనీరు హెచ్చరించునప్పటికి సమయము మించిపోయెను.

కళ్యాణదుర్గమువారికి పెద్ద నగరమనగా బెంగుళూరే. 1990 ఫిబ్రవరి 14న ఆ నగరమున దిగవలసిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానము రన్‌వేను చేరకయే గోల్ఫు మైదానమున నేలను తాకి దగ్ధమయ్యెను. అందున్న 146 మందిలో 92 మంది అసువులు బాసిరి. అది ఎయిర్‌బస్ 320 తరగతికి చెందిన, మన దేశమునకు అప్పుడప్పుడే వచ్చిన నూతన యంత్రము. దిగుచున్న సమయమున ఇంజనులు కనిష్ఠ శక్తితో నడచుచుండగా వేగము క్రమముగా తగ్గిపోయెను. చోదకులిద్దరును కెప్టెన్లే, ఒకరు రెండవవారి పనిని పరీక్షించుటకై కూర్చుండిరి. తగ్గుచున్న వేగమును పరికరములు చూపుచునేయున్నవి. కాని ఆ ఆపద తీవ్రతను ఇరువురును సకాలమున గుర్తింపలేదని విచారణలో తేలెను. తెలివిగల యంత్రము చేరినంతమాత్రమున మనుష్యుని మెలకువకు విశ్రాంతి దొరకదని ఆ దుర్ఘటన చాటినది.

అన్ని కారణములును విమానములోపలనే పుట్టవు. 1993 ఏప్రిల్ 26న ఔరంగాబాదులో లేచుచున్న విమానము, రన్‌వే చివరనున్న బాటపై పోవు ప్రత్తిబేళ్ల లారీని ఢీకొని, పిమ్మట విద్యుత్తు తీగలకు తగిలి కూలెను. 55 మంది మరణించిరి. చోదకులు విమానమును ఆలస్యముగా లేపిరని విచారణలో తేలినది నిజమే. కాని విమానము లేచు వేళ ఆ బాటను మూయింపకపోవుట ఎవరి తప్పు? బాట అచ్చట నున్నదనియు, దానిపై లారీలు పోవుచుండుననియు తెలియనివారు లేరు. అందరికిని తెలిసిన అపాయమే ఎవరికిని పట్టని అపాయమగుట మన దేశమున సర్వసాధారణము.

1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీదాద్రి వద్ద సౌదీ విమానమును, కజకిస్తాన్ విమానమును ఆకాశముననే ఢీకొని 349 మంది మృతిచెందిరి. రెండు విమానములు గగనతలమున ఢీకొనిన దుర్ఘటనలలో ఇంత ప్రాణనష్టము మరెన్నడును జరుగలేదు. కజకిస్తాన్ విమానము 15,000 అడుగుల ఎత్తున నిలువవలసియుండగా అంతకు క్రిందికి దిగెను. ఎదుటి విమానము 14,000 అడుగుల ఎత్తున వచ్చుచుండెను. ఢిల్లీ నియంత్రణ కేంద్రముతో ఇంగ్లీషున మాటలాడు బాధ్యత రేడియో ఉద్యోగిది. విమానమును నడుపుట చోదకుల పని. అతడు విన్న ఆజ్ఞ వారి చేతలకు చేరుటలో లోపము కలిగెను. ఎత్తు తప్పినదని గ్రహించి అతడు మరల పైకి పొమ్మని చెప్పునప్పటికి క్షణములే మిగిలియుండెను. మరియు ఢిల్లీకి వచ్చు విమానములకును పోవు విమానములకును నాడు ఒకే మార్గము. విమానముల ఎత్తును తెలుపు రాడార్ అచ్చట నాటికి పనిచేయుట లేదు. ఆ ఘోరము పిదపనే రాకపోకలకు వేర్వేరు మార్గములు ఏర్పడినవి. సమీపించు విమానమును గూర్చి చోదకుని హెచ్చరించు సాధనము తప్పనిసరియైనది.

ఇంతకంటెను ఆలోచింపదగినవి తరువాతి రెండు ప్రమాదములు. 2010 మే 22 ఉదయమున దుబాయి నుండి వచ్చిన ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ విమానము మంగళూరులో రన్‌వే దాటిపోయి లోయలో పడెను. 166 మందిలో 158 మంది మరణించిరి. ఎనిమిదిమంది మాత్రము బయటపడిరి. అది కొండను చదునుచేసి నిర్మించిన రన్‌వే. ప్రయాణకాలములో కెప్టెన్ చాలసేపు నిద్రించెనని ధ్వనిముద్రణ వలన తెలిసినది. రాడార్ రెండు దినములుగా పనిచేయకుండెను. విమానము ఉండవలసినదానికంటె ఎక్కువ ఎత్తున, ఎక్కువ వేగముతో వచ్చెను. దిగవలదు, మరల పైకి పోవుదమని సహచోదకుడు మూడుమార్లు చెప్పెను. కెప్టెన్ వినలేదు.

పదేండ్లు గడచినవి. 2020 ఆగస్టు 7న, కరోనా కాలమున, దుబాయి నుండియే స్వదేశీయులను తెచ్చుచున్న అదే సంస్థ విమానము జోరువానలో కోళిక్కోడులో దిగెను. అదియును కొండమీది రన్‌వేయే. కెప్టెన్ ఎదుటి అద్దముపై నీరు తుడుచు సాధనము సరిగా పనిచేయలేదు. గాలి వెనుకనుండి తోయుచుండెను. మరునాటి ఉదయమున అతడే మరియొక విమానమును నడుపవలసియుండెను. 8,858 అడుగుల రన్‌వేలో 4,438 అడుగులు దాటిన పిమ్మట చక్రములు నేలను తాకెను. ఇచ్చటను సహచోదకుడు మరల పైకి లేపుమని కోరెను. ఇచ్చటను ఆ మాట చెల్లలేదు. చోదకులిద్దరితో కూడ 21 మంది మరణించిరి. వానలో, వెనుకగాలిలో ఆ రన్‌వేపై దిగుట అపాయకరమని ఒక విమాన భద్రతా నిపుణుడు 2011లోనే అధికారులకు వ్రాసియుండెను. మంగళూరు నేర్పిన పాఠమును కోళిక్కోడు చదువలేదు.

పెద్దవాని ఎదుట చిన్నవాని మాట చెల్లకపోవుట ఒక్క మన దేశపు జాడ్యము కాదు. 1977 మార్చి 27న స్పెయిన్ దేశపు టెనెరిఫే దీవిలో రెండు పెద్ద విమానములు పొగమంచులో రన్‌వేపైననే ఢీకొని 583 మంది మరణించిరి. ఎదుటి విమానము రన్‌వే నుండి తొలగలేదేమోనని డచ్చి విమానపు ఇంజనీరు సంశయము వెలిబుచ్చెను. మిక్కిలి పేరుగాంచిన ఆ కెప్టెన్ ఆ సంశయమును ఒక్క మాటతో త్రోసిపుచ్చెను. 1990 జనవరి 25న న్యూయార్కు చెంత కొలంబియా దేశపు విమానము ఇంధనము నిండుకొని కూలగా 73 మంది మరణించిరి. ఇంధనము అయిపోవుచున్నదని ఆ సిబ్బంది చెప్పిరి. కాని 'అత్యవసరము' అను ఒక్క మాటను పలుకలేదు. వినువారు ఆ మాటకై చూచుచుండిరి. మర్యాదకు లొంగిన మాట ఆపదను తెలుపలేకపోయినది.

ఇట్టి అనుభవముల నుండియే విమాన సిబ్బందికి ఒక క్రొత్త శిక్షణ పుట్టినది. అమెరికాలోని యునైటెడ్ సంస్థ 1981లో దానిని ప్రారంభించెను. పిమ్మట అది ప్రపంచమంతట వ్యాపించెను. చిన్నవాడు సందేహమును స్పష్టముగా చెప్పవలెను. పెద్దవాడు దానిని అవమానముగా గాక సాయముగా గ్రహింపవలెను. ఇదియే ఆ శిక్షణ సారము. చెప్పుటకు సులభము, ఆచరించుటకు కష్టము. మంగళూరు, కోళిక్కోడు ప్రమాదములు జరిగినది ఈ శిక్షణ పుట్టిన చాలకాలమునకే గదా!

ఇచ్చట మరియొక పొరపాటునకు తావీయరాదు. 'చోదకుని తప్పు' అను రెండు మాటలతో కాగితముల కట్ట మూయుట మిక్కిలి సులభము; మరణించినవాడు బదులు చెప్పజాలడు. కాని ఆ రెండు మాటలు విచారణకు ఆరంభమే గాని అంతము కాదు. అతడేల అలసెను? అతని మాట ఎవరు వినలేదు? రాడార్ ఏల చెడెను? బాట ఏల మూయబడలేదు? ఈ ప్రశ్నల తరువాతనే కారణము దొరకును. 1944 నాటి షికాగో ఒడంబడిక ననుసరించి ఏర్పడిన అంతర్జాతీయ నియమముల ప్రకారము, విమాన ప్రమాద విచారణ లక్ష్యము మరల అట్టిది జరుగకుండ చూచుటయే. నింద మోపుట కాదు. మన దేశమున ఇందుకొరకు 2012లో ప్రత్యేకముగా ఒక విచారణ సంస్థ ఏర్పడినది.

2025 జూన్ 12న అహమ్మదాబాదులో లండనుకు బయలుదేరిన విమానము లేచిన వెంటనే వైద్యవిద్యార్థుల వసతిగృహముపై కూలెను. అందున్న 242 మందిలో ఒక్కడే బ్రతికెను. నేలపైనున్న 19 మందియు మరణించిరి. నెల దినములకు వెలువడిన ప్రాథమిక నివేదిక కొన్ని సంగతులను తెలిపెను. రెండు ఇంజనుల ఇంధనపు మీటలు ఒకదాని వెంట నొకటి ఆపు స్థితికి మారెననియు, ఏల ఆపితివని ఒక చోదకుడు అడుగగా తానాపలేదని రెండవవాడు చెప్పెననియు అందున్నది. ఆ నివేదిక ఎవరిపైనను నేరము మోపలేదు. అయినను ఆ దినములలో దేశమున ప్రతి ఇంటను ఒక తీర్పరి వెలసెను. హెచ్చరికను విననివాడును, విచారణ ముగియకముందే తీర్పు చెప్పువాడును ఒకే లోపము కలవారు. ఇరువురికిని వినుటకు ఓర్పు లేదు.

ఆకాశయానము ఈనాడు ఇంత సురక్షితమైనదన్నచో, ప్రతి ప్రమాదమును విప్పి చూచి, దోషమును వ్రాసి, లోకమునకంతకును తెలుపు అలవాటే అందుకు ముఖ్యకారణము. నేలపై ఆ అలవాటు లేదు. 2022వ సంవత్సరములో మన దేశపు రోడ్లపై 1,68,491 మంది మరణించిరి. ఏ మలుపులో లారీలు బోల్తాపడునో ఊరివారికి తెలిసియే యుండును. అడిగి వ్రాసికొనువారు అరుదు.

ఈ విషయము బడితో ముడిపడినది. నల్లబల్లపై లెక్క తప్పినపుడు వెనుకబల్లమీది పిల్లవాడు దానిని చూచును, చెప్పుటకు జంకును. "అయ్యా, అచ్చట అంకె తప్పినది" అని ఒకనాడు ధైర్యము చేసి చెప్పినచో, గురువు కసురుకొనిన ఆ పిల్లవాడు జీవితమున మరల నోరు విప్పడు. "మంచిది, బాగుగా చూచితివి" అని గురువు లెక్క దిద్దినచో, ఆ పిల్లవాడు రేపు విమానములో సహచోదకుడైనను, ఆసుపత్రిలో నర్సైనను, చెరువుకట్టపై నీరుగంటియైనను తడి కనబడినపుడు ఊరకుండడు. గురువుపై గౌరవమనగా గురువు తప్పును దాచుట కాదని అతడు బడిలోనే నేర్చును.

కళ్యాణదుర్గము మీదుగా ఈ దినమును విమానములు పోవుచునే యుండును. వానిని మోయునది ఇంజనుల బలము మాత్రమే కాదు. లోపల కూర్చున్న ఇద్దరిలో చిన్నవాడు చెప్పగల ఒక్క మాటయు, పెద్దవాడు దానిని వినగల ఒక్క క్షణమును గూడ.