కంబళీ, కూలీ

డిసెంబరు వచ్చిందంటే చిన్న ఊళ్ళలోని సేవాసంఘాల వారికి ఊపిరి సలపదు. చందా పుస్తకాలు బయటికి వస్తాయి. క్రిస్మస్ నాటికి ఎన్ని కంబళ్ళు పంచాలో తేలకముందే, వేదికమీద ఎవరెవరు కూర్చోవాలో తేలిపోతుంది. వక్తలు ముగించేసరికి పొద్దుగూకుతుంది. అప్పుడొక ముసలమ్మను పిలిచి కంబళి చేతికిస్తారు. ఆవిడ పుచ్చుకుని వెళ్ళబోతే, "ఉండవమ్మా, ఫోటో సరిగా రాలేదు" అని మళ్ళీ నిలబెడతారు. కంబళి చలిని ఆపుతుంది, కాదనను. పదిమందిలో చెయ్యి చాచి నిలబడ్డప్పుడు కలిగే వణుకు మాటేమిటి?

రాయపోల్ వంటి ఊళ్ళవారు దీనికి జవాబు వెతుక్కుంటూ దూరం పోనక్కరలేదు. 2016లో సిద్దిపేట జిల్లా ఏర్పడేదాకా రాయపోల్ మెదక్ జిల్లాలోదే. ఆ మెదక్ పట్టణంలోని పెద్ద చర్చిని చూడనివారు ఆ చుట్టుపక్కల అరుదు. 175 అడుగుల శిఖరం చాలా దూరానికి కనబడుతుంది. క్రిస్మస్‌నాడు తెల్లవారుజామునుంచే జనం కిటకిటలాడతారు. వారిలో క్రైస్తవులు కానివారూ చాలామందే ఉంటారు.

ఆ చర్చి కట్టినవి మొదటి ప్రపంచయుద్ధం నాటి గడ్డురోజులు. పంటలు పోయి, జనం తిండికి అలమటించిన కాలం. చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే మిషనరీ వారికి ఊరికే తిండి పెట్టక, పని చూపించి కూలి ఇచ్చారనీ, ఆ పనే ఈ చర్చి అనీ మెదకులో ఇప్పటికీ చెప్పుకుంటారు. 1914లో మొదలైన పని పదేళ్ళు సాగింది. 1924 డిసెంబరు 25న చర్చిని ప్రతిష్ఠ చేశారు. నేడు అందరూ తలెత్తి చూసే రంగుటద్దాల కిటికీలు మూడూ ఆ తరువాత వచ్చినవే. క్రీస్తు జననాన్ని చూపే కిటికీ 1947లో గాని అమరలేదు. కూలి ముందు అందింది, అలంకారం తరువాత వచ్చింది.

కరువు రావాలనీ, చర్చిలు కట్టాలనీ నేననడం లేదు. సంఘం చందాలో సగం పక్కన పెడితే, బడి ప్రహరీకి సున్నం కొట్టించవచ్చు, చెరువు కాలువలో పూడిక తీయించవచ్చు. పనిలేనివారికి నాలుగు రోజుల కూలి దొరుకుతుంది. పంచే దుప్పట్లయినా పట్నం మిల్లు సరుకు తేకుండా, పక్కనున్న దుబ్బాక, సిద్దిపేటల నేతపనివారిని అడిగి చూడవచ్చు. పండుగ రెండిళ్ళకు చేరుతుంది. ఒళ్ళు వంచలేని ముసలివారికి, రోగులకు మాత్రం పొద్దుపోయాక ఇంటికే వెళ్ళి ఇచ్చి రావాలి. ఫోటోగ్రాఫరుకు ఆ పూట సెలవు ఇవ్వండి.

"సంఘాలకు చెప్పావు బాగానే ఉంది, మరి మన సంగతో?" అంటుంది మా ఇంటావిడ. నిజమే. పండుగకు పనిమనిషికి పాతచీర ఇచ్చి, గొప్ప దానం చేశామని పొంగిపోయే ఇళ్ళలో మాదీ ఒకటి. ఆవిడ ఇంట క్రిస్మస్ అయితే, నెలజీతం ఒకటో తేదీదాకా ఆపకుండా 24వ తేదీనే చేతిలో పెడితే, తన పిల్లలకు తనే కొత్తబట్టలు కొనుక్కుంటుంది. మేము ఇచ్చే పాతచీరకన్నా అది ఆమెకు ఎక్కువ నచ్చుతుంది. ఈ ఏడు మా ఇంట్లో అలా చేద్దామని తీర్మానమైంది. మీ ఇంట్లో ఏమంటారు?