మిల్లు బురద – బాయిలరు నిప్పు

కాగితపు మిల్లుల మురుగునీటిని శుద్ధిచేయగా మిగులు బురదను బొగ్గుతో కలిపి మండించి, ఆవిరియు విద్యుత్తును సాధింపవచ్చునని నిపుణులు చెప్పుచున్నారు. పారవేయుదానిని పనికి దెచ్చుకొనుట మెచ్చదగినదే. గుంతలలో పోసిన బురద భూగర్భజలమును చెరుపగలదనుటయు నిజమే. అయినను ఇంధనమను పేరు వినినంతనే మురిసిపోరాదు.

ఈ బురదలో సగమునకు మించి నీరుండుట సామాన్యము. కిలో నీటిని ఆవిరి చేయుటకే సుమారు 2,260 కిలోజౌళ్ల వేడి వలయును. ఆ వేడి ప్రక్కనున్న బొగ్గునుండియే గదా రావలయును! తడిబురద బొగ్గును మిగుల్చుటకు మారుగా బొగ్గునే తినివేయును. నారతోపాటు దానిలోనుండు సున్నము, తెల్లమన్ను మండవు, బూడిదయై మిగులును. కావున మొదట పిండి, మిల్లు వృథాగా విడుచు వేడితో ఆరబెట్టి, పిమ్మటనే మండింపవలయును.

ఇంతకంటె పెద్దచిక్కు క్లోరిను. గుజ్జును క్లోరినుతో తెలుపుచేసిన చోట దాని సమ్మేళనములు బురదలో చేరును. మంట చాలనియెడల వానినుండి డయాక్సినులను విషములు పుట్టి పొగగొట్టమున వెలువడును. 2001 నాటి స్టాక్‌హోము ఒడంబడిక క్లోరినుతో గుజ్జు తెలుపుచేయుటను, అపాయకర వ్యర్థముల దహనమును రెంటిని ఈ విషములకు మూలములుగా పేర్కొన్నది. అట్టి క్లోరిను సమ్మేళనములు గల బురదను మన దేశపు 2016 నాటి నిబంధనలు అపాయకర వ్యర్థములలో చేర్చినవి. వ్యర్థములను దహించునపుడు పొగను 850 డిగ్రీల వేడిలో కనీసము రెండు సెకండులు నిలుపవలయునని ఐరోపావారు 2000 లోనే శాసించిరి.

ఇట్టి షరతులు మిల్లునకు భారమగునని, భారమైనచో మిల్లు మూతపడునని కొందరనవచ్చును. మూతపడిన మిల్లు ఊరినెట్లు కుంగదీయునో కాగజ్‌నగరము 2014 మొదలు 2018 వరకు అనుభవించినది. కూలివాని కూటిని మేము తేలికగా నెంచము. కాని ఆ కూలివాడే, వాని బిడ్డలే ఆ పొగగొట్టము నీడను నివసించువారు!

1996 లో వెల్లూరు పౌరుల వ్యాజ్యమున సుప్రీముకోర్టు, హాని లేదని నిరూపించు భారమును పరిశ్రమదారునిపైనే యుంచినది. ఆ న్యాయమే ఇచ్చటను చెల్లవలయును. బురదలో క్లోరిను పాలెంతయో, పొగలో విషమెంతయో, బూడిద ఎచ్చటికి పోవుచున్నదో మిల్లువారు కొలిపించి, ఆ లెక్కలను తెలుగులో పట్టణపు పఠనాలయముల గోడలపై నెలనెల ప్రకటింపవలయును. లెక్క చూపువానికి మండించు హక్కు ఉండుగాక. చూపనివాడు గుంతలోని మురికిని ఆకాశమునకెత్తి మన యూపిరితిత్తులలో పోయుచున్నాడనియే తలపవలసివచ్చును.